స్పెర్మిడిన్ పోస్తే కణాలు పెరగాలి కదా, ఎందుకు చచ్చిపోయాయి?

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను వరంగల్‌లో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చివరి ఏడాది చదువుతున్నాను. గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాలకు పెరగమని సంకేతమిచ్చే ప్రొటీన్లు), పాలీఅమైన్లు (స్పెర్మిడిన్ లాంటి, కణాల్లో ఉండే చిన్న అణువులు) కణ విభజన మీద ఎలా పనిచేస్తాయన్నది నా ప్రాజెక్టు. 10 శాతం ఎఫ్‌బీఎస్ అనే పశు సీరం ఉన్న మీడియాలో హీలా అనే క్యాన్సర్ కణాలు పెంచి, ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్ వేశాను. ఏ తేడా లేదు. 100 మైక్రోమోలార్ స్పెర్మిడిన్ వేశాను. పెరగాల్సింది పోయి మర్నాటికల్లా గుండ్రంగా ముడుచుకుని పైకి తేలిపోయాయి. పాలీఅమైన్ల తయారీని ఆపే డీఎఫ్ఎమ్ఓ వేసి 24 గంటల తర్వాత ఎమ్‌టీటీ అనే రంగు పరీక్ష చేస్తే అచ్చం కంట్రోల్‌లాగే ఉన్నాయి. పుస్తకంలో ఒకటి, నా ప్లేటులో ఇంకొకటి. "ఎక్కడో పొరపాటు చేశావు, మళ్లీ చెయ్యి" అంటారు మా గైడ్ సార్. మళ్లీ చేసినా అంతే. వచ్చే నెల వైవా. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఇంకో సంగతి కూడా అడగాలి. మా నాన్నగారికి రెండేళ్ల కిందట పెద్దపేగులో పాలిప్స్ (లోపలి గోడ మీద వచ్చే చిన్న కండలు) తీశారు. ఇప్పుడు అమ్మ ఎవరో చెప్పారని ఆన్‌లైన్‌లో స్పెర్మిడిన్ క్యాప్సూల్స్ తెప్పించింది, వయసు మీదపడకుండా ఉంటుందట. నా ప్లేటు చూశాక నాకు భయం వేస్తోంది. వేసుకోనివ్వచ్చా?
— ఒక విద్యార్థిని, వరంగల్

సమాధానం: అమ్మా, ముందు హాయిగా నిద్రపోండి. మీ మూడు ప్లేట్లూ నిజమే చెప్పాయి. మీరు అడిగాననుకున్న ప్రశ్న ఒకటి, ప్లేటుకు చేరిన ప్రశ్న ఇంకొకటి. ఆ తేడా ఎక్కడుందో పట్టుకుంటే అదే మీ ప్రాజెక్టులో మంచి అధ్యాయం అవుతుంది. ఎక్కువ భయపెట్టింది స్పెర్మిడిన్ ప్లేటు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

మీ కణాలను చంపింది స్పెర్మిడిన్ కాదు, మీరు పోసిన సీరం. ఎఫ్‌బీఎస్ అంటే ఆవు కడుపులోని పిండం రక్తం నుంచి తీసిన సీరం. పశువుల సీరంలో అమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. స్పెర్మిడిన్, స్పెర్మిన్ కనబడితే చాలు, అది వాటి చివరనున్న అమైన్ గుంపును ఊడగొడుతుంది. ఆ చర్యలో అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఒక ఆల్డిహైడ్ తయారవుతాయి. ఆ ఆల్డిహైడ్ ఊరికే ఉండదు, దానంతటదే విరిగి ఆక్రోలీన్ అవుతుంది. వంటింట్లో నూనె బాగా మాడినప్పుడు కళ్లు మండించే ఘాటు ఉంటుంది చూడండి, అందులో ఉండేది ఈ ఆక్రోలీనే. ప్రొటీన్లకు అతుక్కుని వాటిని పాడుచేయడంలో దానికి సాటి లేదు. అంటే మీరు మీడియాలో పోసింది స్పెర్మిడినే అయినా, రాత్రంతా ఇంక్యుబేటర్‌లో మీ కణాలు నానింది పెరాక్సైడ్‌లోనూ ఆక్రోలీన్‌లోనూ. ముడుచుకుపోక ఏం చేస్తాయి?

కల్చర్ చేసేవాళ్లలో ఈ బోల్తా పడనివాళ్లు తక్కువ. ఫలానా పాలీఅమైన్ కణాలకు విషం అని తేల్చిన ప్రయోగాల్లో కొన్ని నిజానికి సీరంలోని ఈ ఎంజైమ్ చేసిన పనే. దీనికి ఉపాయం కూడా పాతదే. అమైనోగ్వానిడిన్ అనే చవకైన రసాయనం ఈ ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. మీడియాలో 1 మిల్లీమోలార్ మోతాదులో ముందు దాన్ని కలిపి, తర్వాతే స్పెర్మిడిన్ వెయ్యాలి. గుర్రం సీరంలో ఈ ఎంజైమ్ చురుకుదనం చాలా తక్కువ కాబట్టి కొందరు దాన్ని వాడతారు. మీకు అమైనోగ్వానిడినే సులువు.

24 వెల్స్ (చిన్న గుంటలు) ఉన్న ఒక్క ప్లేటుతో ఈ సంగతి రుజువు చేయవచ్చు. ఒక వరసలో ఏమీ వేయకండి. ఒక వరసలో స్పెర్మిడిన్ ఒక్కటే వేయండి, మీరు ఇదివరకు వేసిన మోతాదే. మూడో వరసలో అమైనోగ్వానిడిన్, దాని మీద స్పెర్మిడిన్. నాలుగోది అమైనోగ్వానిడిన్ ఒక్కటే. ఇది చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే వైవాలో మొదటి దెబ్బ అక్కడే పడుతుంది. రెండో వరస చచ్చి, మూడో వరస బతికితే మీ మాట నిలబడినట్టే. ఇంకో చిన్న జాగ్రత్త: మీ దగ్గరున్న సీసా మీద ఏమని రాసుందో చూడండి. ట్రైహైడ్రోక్లోరైడ్ లవణమైతే సరే. ఉత్త స్పెర్మిడిన్ అయితే అది గట్టి క్షారం. స్టాక్ ద్రావణం పీహెచ్ సరిచేయకుండా వేస్తే మీడియా రంగు ముదురు గులాబీకి తిరుగుతుంది, అప్పుడు ఏది దేని వల్ల జరిగిందో తేల్చుకోలేరు.

మూడో వరస బతికిందనుకోండి. అవి కంట్రోల్ కంటే వేగంగా పెరుగుతాయా? పెరగవు. మీరు అసలు తెలుసుకోవలసింది ఇదే. దీనికోసం గ్రోత్ ఫ్యాక్టర్ల దగ్గరికి వెళ్లాలి.

ఈజీఎఫ్ దొరికిన తీరు చెబితే మీ ఈజీఎఫ్ ప్లేటు కూడా అర్థమవుతుంది. ఇటలీలో రీటా లెవి-మోంటాల్చీని అనే శాస్త్రవేత్త ఉండేవారు. యూదులను ఉద్యోగాల్లోంచి తీసేసిన రోజుల్లో తన పడకగదిలోనే చిన్న ప్రయోగశాల పెట్టుకుని కోడి పిండాల మీద పనిచేశారు. యుద్ధం అయ్యాక అమెరికాలోని సెయింట్ లూయీస్‌కు వెళ్లి నాడీకణాలను పెంచే పదార్థాన్ని గుర్తించారు. అక్కడే ఆమెతో కలిసి పనిచేసిన స్టాన్లీ కోహెన్, మగ ఎలుకల లాలాజల గ్రంథుల సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కించి చూశారు. మామూలుగా రెండు వారాలకు కళ్లు తెరిచే పిల్లలు ఒక వారానికే తెరిచాయి. పళ్లు కూడా ముందే వచ్చాయి. నాడుల పదార్థానికి కనురెప్పలతో పనేముంది? ఇందులో ఇంకేదో ఉందని కోహెన్ పట్టుబట్టి వెతికితే 53 అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ బయటపడింది. చర్మకణాల పెరుగుదలను తొందరపెట్టే ఆ ప్రొటీనే మీ ఫ్రిజ్‌లో ఉన్న ఈజీఎఫ్. ఇద్దరికీ 1986లో నోబెల్ వచ్చింది.

ఇక్కడ ఒకటి గమనించండి. ఆ ఎలుక పిల్లల కనురెప్పల కణాలు ఆ సంకేతం కోసం ఎదురుచూస్తూ ఉన్నాయి. మీ హీలా కణాలకు ఆ ఎదురుచూపే లేదు. మీ మీడియాలో ఇప్పటికే 10 శాతం సీరం ఉంది. సీరం అంటేనే గ్రోత్ ఫ్యాక్టర్ల మూట. రక్తం గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు పగిలి పీడీజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను వదులుతాయి. గడ్డకట్టనివ్వకుండా తీసిన ప్లాస్మాలో కణాలు సరిగ్గా పెరగవు, సీరంలో పెరుగుతాయి అని 1974లో రస్సెల్ రాస్ బృందం చూపించింది ఇందుకే. అంత సీరం మధ్య మీరు కాస్త ఈజీఎఫ్ చేర్చితే ఏం తెలుస్తుంది?

రెండో కారణం ఇంకా పెద్దది. హీలా కణాలు 1951లో హెన్రియెటా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసినవి. వాటిలో హెచ్‌పీవీ 18 వైరస్ జన్యువులు కూర్చుని ఉన్నాయి. మామూలు కణంలో ఆర్‌బీ అనే ప్రొటీన్ గేటు దగ్గర కాపలా ఉంటుంది. గ్రోత్ ఫ్యాక్టర్ సంకేతం చాలినంత సేపు అందితేనే అది పక్కకు తప్పుకుంటుంది. అప్పుడే కణం డీఎన్ఏ నకలు తీసే దశలోకి అడుగుపెడుతుంది. ఇక బయటి సంకేతాలు ఆగినా వెనక్కి రాదు. ఆ గీతకు రెస్ట్రిక్షన్ పాయింట్ అని 1974లో ఆర్థర్ పార్డీ పేరు పెట్టారు. హీలాలో వైరస్ తాలూకు ఈ7 ప్రొటీన్ ఆ ఆర్‌బీనే మూలన కూర్చోబెట్టేసింది. కాపలా లేని గేటు దగ్గర అనుమతి చీటీ చూపించి ప్రయోజనం ఏముంది?

ఇంకో తమాషా కూడా రాసిపెట్టుకోండి, వైవాలో పనికొస్తుంది. ఏ431 అనే క్యాన్సర్ కణాల మీద ఈజీఎఫ్ గ్రాహకాలు, అంటే ఆ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లు, విపరీతంగా ఉంటాయి. వాటికి మనం సాధారణంగా వేసే మోతాదులో ఈజీఎఫ్ వేస్తే పెరుగుదల తగ్గుతుంది. గ్రోత్ ఫ్యాక్టర్ అని పేరున్నంత మాత్రాన ఎక్కడ పోసినా గ్రోత్ రాదు.

ఈజీఎఫ్ కథను సరిగ్గా చూడాలంటే ఎన్ఐహెచ్ 3టీ3 అనే ఎలుక కణాల లాంటి, ఇంకా మాట వినే కణాలు కావాలి. మీ విభాగంలో లేకపోతే పుణేలోని ఎన్‌సీసీఎస్ కణ భాండాగారం నుంచి తెప్పించుకోవచ్చు. కానీ నెల రోజుల్లో కాగితాలు, డబ్బులు, పార్సిల్ అన్నీ అయ్యే పని కాదు, ముందు పక్క ల్యాబుల్లో అడగండి. దొరికితే సీరం 0.5 శాతానికి తగ్గించి ఒక రోజు ఉంచండి. కణాలు విశ్రాంతిలోకి వెళతాయి. అప్పుడు సగం వెల్స్‌కు మళ్లీ 10 శాతం సీరం ఇవ్వండి. ఈజీఎఫ్ ఒక్కదానితో 3టీ3లో పెద్ద గంతు రాకపోవచ్చు, కంగారుపడకండి. ముందు పీడీజీఎఫ్ కణాన్ని సిద్ధం చేస్తుంది, ఆ తర్వాత ఈజీఎఫ్, ఇన్సులిన్ లాంటి కారకాలు ముందుకు నడిపిస్తాయి అని 1970ల చివరి నుంచే తెలుసు.

సరే, సంకేతం అందింది. పాలీఅమైన్లు ఎక్కడ వస్తాయి?

గ్రాహకం మేలుకున్నాక కబురు రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే వరస మీదుగా కేంద్రకంలోకి చేరుతుంది. తొలి గంటల్లోనే మిక్ అనే జన్యువు పైకి లేస్తుంది. మిక్ నేరుగా మేల్కొలిపే జన్యువుల్లో ఒకటి ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్, అందరూ ఓడీసీ అంటారు. ఆర్నిథిన్ అనే అమైనో ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను ఊడగొట్టి పుట్రెసిన్ చేయడం దాని పని. పుట్రెసిన్‌కు ఒక ముక్క అతికిస్తే స్పెర్మిడిన్, ఇంకో ముక్క అతికిస్తే స్పెర్మిన్. విశ్రాంతిలో ఉన్న కణానికి సీరం ఇస్తే నాలుగైదు గంటల్లో ఓడీసీ ఉప్పెనలా పెరుగుతుంది. డీఎన్ఏ నకలు మొదలయ్యేది అంతకు ఎన్నో గంటల తర్వాత. 1968లో డయాన్ రస్సెల్, సాల్మన్ స్నైడర్ ఎలుకల కాలేయం కొంత కోసి తీసేసి, మిగిలింది తిరిగి పెరిగేటప్పుడు చూశారు. కోడి పిండాలలో చూశారు, కణితుల్లో చూశారు. పెరుగుదల ఉన్నచోటల్లా ఈ ఎంజైమ్ చురుకుదనం ఎక్కువే. పాలీఅమైన్లకూ కణ విభజనకూ ముడి అక్కడే గట్టిగా పడింది. అప్పటిదాకా ఇవి ఎక్కువగా రసాయన శాస్త్రవేత్తల వింత వస్తువులు. 1678లోనే లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శిని కింద ఎండిన వీర్యంలో స్ఫటికాలు చూసి రాసిపెట్టాడు. అవి స్పెర్మిన్ ఫాస్ఫేట్ స్ఫటికాలని తేలడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది.

ఈ ఓడీసీ ఎంత విచిత్రమైన ఎంజైమో చూడండి. క్షీరదాల కణాల్లో అతి తక్కువ ఆయుష్షున్న ప్రొటీన్లలో ఇదొకటి. తయారైన దానిలో సగం పది నిమిషాల నుంచి అరగంట లోపే ముక్కలైపోతుంది. ఇంత కష్టపడి చేసి, అంతలోనే ఎందుకు పారేసుకోవడం? ఎందుకంటే దీన్ని ఎప్పుడంటే అప్పుడు ఆపగలిగేలా కణం చేతిలో పెట్టుకుంది.

ఆపే పద్ధతి ఇంకా అందంగా ఉంటుంది. యాంటీజైమ్ అనే ప్రొటీన్ ఓడీసీని పట్టుకుని నేరుగా ప్రోటియాజోమ్ అనే కణ చెత్తయంత్రంలోకి తీసుకుపోతుంది. మామూలుగా ఏ ప్రొటీన్‌నైనా అక్కడికి పంపాలంటే యుబిక్విటిన్ అనే చీటీ అతికించాలి. ఓడీసీకి ఆ చీటీ కూడా అక్కర్లేదు. మరి యాంటీజైమ్ ఎప్పుడు తయారవుతుంది? దాని ఎంఆర్ఎన్ఏ మధ్యలో ఒక ఆగు గుర్తు ఉంది. రైబోజోమ్ మామూలుగా చదువుకుంటూ వస్తే అక్కడే ఆగిపోతుంది, ప్రొటీన్ అసంపూర్ణంగా మిగులుతుంది. కణంలో పాలీఅమైన్లు ఎక్కువైతే మాత్రం రైబోజోమ్ అక్కడ ఒక్క అక్షరం ముందుకు జారుతుంది. చదివే వరస మారిపోతుంది, ఆగు గుర్తు కనబడదు, పూర్తి యాంటీజైమ్ తయారవుతుంది. అది ఓడీసీని నరికేస్తుంది. అంతటితో ఊరుకోదు, బయటి నుంచి పాలీఅమైన్లు లోపలికి వచ్చే దారినీ బిగిస్తుంది. పాలీఅమైన్లే తమ తయారీని ఆపే ప్రొటీన్‌ను తయారుచేయించుకుంటున్నాయన్నమాట. జీవరసాయన శాస్త్రంలో నాకు బాగా నచ్చిన ఏర్పాట్లలో ఇదొకటి. మీ థీసిస్‌లో దీనికి ఒక పూర్తి పేజీ ఇవ్వండి, బొమ్మ మీ చేత్తో మీరే గీయండి. నెట్‌లో దొరికిన బొమ్మ అతికించకండి, ఎగ్జామినర్లు వెంటనే గుర్తుపడతారు.

ఇప్పుడు మీ మూడో వరస ఎందుకు వేగంగా పెరగదో మీరే చెప్పగలరు. కణంలో పాలీఅమైన్లు ఇప్పటికే మిల్లీమోలార్ స్థాయిలో ఉన్నాయి. వాటి మీద ధన ఆవేశాలుంటాయి. పుట్రెసిన్‌కు రెండు, స్పెర్మిడిన్‌కు మూడు, స్పెర్మిన్‌కు నాలుగు. అందుకే చాలావరకు ఆర్ఎన్ఏ, డీఎన్ఏ, ఏటీపీలను అంటిపెట్టుకుని ఉంటాయి. మీరు ఇంకాస్త ఇస్తే కణం తన తయారీ తగ్గించుకుంటుంది, తలుపు మూసుకుంటుంది, ఇంకా మిగిలితే అసిటైల్ గుంపు తగిలించి బయటికి పంపేస్తుంది. మేస్త్రీ రాకుండా ఇంటి ముందు ఇసుక లారీలు దించితే గోడ లేవదు కదా, ఇదీ అంతే. పాలీఅమైన్లు లేకపోతే విభజన ఆగుతుంది. ఉన్నంత మాత్రాన విభజన మొదలవదు. మొదలుపెట్టేది గ్రోత్ ఫ్యాక్టర్.

అసలు ఇవి లేకపోతే విభజన ఎందుకు ఆగుతుంది అని వైవాలో తప్పకుండా అడుగుతారు. ఆర్ఎన్ఏ, రైబోజోమ్‌లను స్థిరంగా ఉంచుతాయి అని అందరూ చెప్పే జవాబు చెప్పి ఊరుకోకండి. ఇంతకంటే గట్టి జవాబు ఒకటుంది. ఈఐఎఫ్5ఏ అనే ప్రొటీన్‌లోని ఒకే ఒక్క లైసిన్‌కు స్పెర్మిడిన్ తన ముక్క ఒకటి ఇస్తుంది. అప్పుడు ఆ లైసిన్ హైపుసిన్ అవుతుంది. మన కణాల్లోని వేలాది ప్రొటీన్లలో హైపుసిన్ ఉన్నది ఈ కుటుంబం ఒక్కదాంట్లోనే. వరసగా ప్రోలిన్లు వచ్చే చోట్ల రైబోజోమ్ ఇరుక్కుపోతుంది. హైపుసిన్ ఉన్న ఈఐఎఫ్5ఏ వచ్చి దాన్ని కదిలిస్తుంది. స్పెర్మిడిన్ అడుగంటితే ఆ సాయం అందదు, కావలసిన ప్రొటీన్లు కొన్ని తయారవవు, కణం ముందుకు కదలదు. స్పెర్మిడిన్ చేసే మిగతా పనుల గురించి వాదనలు ఉండవచ్చు గానీ ఈ పనిలో దానికి బదులు ఇంకోటి లేదు.

ఇక డీఎఫ్ఎమ్ఓ. మీ ప్లేటు 24 గంటల దగ్గర ఏమీ చూపించలేదంటే మందు పనిచేయలేదని కాదు, మీరు తొందరగా చూశారు. డీఎఫ్ఎమ్ఓ ఓడీసీ లోపలికి వెళ్లి అక్కడే అతుక్కుపోతుంది. ఆ అణువు ఇక పనికిరాదు. కొత్త పుట్రెసిన్ ఆగిపోతుంది, కొన్ని గంటల్లోనే పుట్రెసిన్ పడిపోతుంది. స్పెర్మిడిన్ తగ్గడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అదీ కణాలు విడిపోతూ ఉన్నదాన్ని పంచుకుంటూ పోతేనే. స్పెర్మిన్ అయితే దాదాపు తగ్గదు. కాబట్టి మొదటి రోజు కణాలు పాత నిల్వతో నెట్టుకొచ్చేస్తాయి. పైగా డీఎఫ్ఎమ్ఓ చంపదు, నెమ్మదింపజేస్తుంది. ఎమ్‌టీటీ కొలిచేది కణాలు ఎన్ని ఉన్నాయన్నది కాదు, వాటి జీవక్రియ ఎంత ఊదా రంగు తెచ్చిందన్నది. బతికే ఉండి, విడిపోవడం మాత్రం తగ్గించిన కణాలను ఒక్క రోజులో పట్టుకోవడానికి అది సరైన పరీక్ష కాదు.

కాబట్టి ఇలా చెయ్యండి. కణాలు పలచగా వేయండి, నాలుగైదు రోజులు పెరగడానికి చోటుండాలి. డీఎఫ్ఎమ్ఓ 1 నుంచి 5 మిల్లీమోలార్. రోజూ ఒక వెల్‌లోని కణాలను ట్రిప్సిన్‌తో ఊడదీసి, చచ్చినవాటికి రంగు పట్టించే ట్రిపాన్ బ్లూ కలిపి, న్యూబార్ చాంబర్ అనే గీతల గాజు పలక మీద మీ కళ్లతో లెక్కపెట్టండి. విసుగు పనే, కానీ ఇంతకంటే నమ్మకమైనది మీ బడ్జెట్‌లో లేదు. రెండో రోజు నుంచి గీత కిందికి వంగడం మొదలవుతుంది. ఇంకో వరసలో డీఎఫ్ఎమ్ఓతో పాటు కొద్దిగా పుట్రెసిన్ ఇవ్వండి, అమైనోగ్వానిడిన్ మరిచిపోకుండా. పెరుగుదల తిరిగి వచ్చిందంటే ఆగింది పాలీఅమైన్లు లేకే తప్ప మందు తాలూకు ఇంకేదో విషం వల్ల కాదని తేలిపోతుంది. ఈ ఒక్క గ్రాఫ్ ఉంటే మీ ప్రాజెక్టు గట్టెక్కినట్టే. దీనికి హీలా చాలు, 3టీ3 కోసం ఆగక్కర్లేదు. గేటు కాపలా లేకపోయినా హీలాకు కూడా పాలీఅమైన్లు కావాలి.

డీఎఫ్ఎమ్ఓ చరిత్ర కూడా రెండు వాక్యాలు రాయండి. క్యాన్సర్ మందుగా ఎన్నో ఆశలతో మొదలైంది, ఒంటరిగా పెద్దగా ఫలించలేదు. కారణం మీకు ఇప్పటికే తెలుసు: తయారీ ఆపితే కణం బయటి నుంచి తెచ్చుకుంటుంది. తిండిలో, పేగుల్లోని బ్యాక్టీరియాలో పాలీఅమైన్లకు కొదవ లేదు. కానీ ఆఫ్రికాలో ట్సెట్సీ ఈగ మోసుకొచ్చే నిద్రజబ్బుకు ఇది ప్రాణం పోసింది. అమెరికాలో 1990లో ఆమోదం వచ్చింది. మన ఓడీసీ నిమిషాల్లో మళ్లీ కొత్తది తయారవుతుంది, ఆ పరాన్నజీవిది అంత తొందరగా తయారవదు. ఒకే మందు, వాళ్లకు దెబ్బ, మనకు కాదు. ఇంత విలువైన ఇంజెక్షన్ లాభం లేదని మార్కెట్ నుంచి మాయమైపోతున్న రోజుల్లో, 2000లో ఇదే మందు ఆడవాళ్ల ముఖం మీద వెంట్రుకలు తగ్గించే క్రీముగా వచ్చింది. వెంట్రుక మూలంలోని కణాలు కూడా వేగంగా విడిపోయేవే కదా. ఆ తర్వాత నిద్రజబ్బు మందు తయారీ కూడా మళ్లీ మొదలైంది. 2023 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ దీన్ని న్యూరోబ్లాస్టోమా అనే పిల్లల క్యాన్సర్‌లో, ప్రమాదం ఎక్కువున్నవాళ్లకు, ముందు చికిత్సకు స్పందించాక జబ్బు తిరగబెట్టకుండా వాడడానికి ఆమోదించింది. ఆ క్యాన్సర్‌లో కొంతమందికి మిక్ కుటుంబపు జన్యువు ఒకటి లెక్కకు మించి పెరిగి ఉంటుంది. పైన చెప్పిన మిక్, ఓడీసీ ముడి అక్కడ సూటిగా కనబడుతుంది.

మీ గైడ్ గారి విషయం. "సార్, పొరపాటు నాది కాదు" అని మొదలుపెట్టకండి. నాలుగు వరసల ప్లేటు చేసి, ఫోటోలు తీసుకుని వెళ్లండి. "సీరంలో అమైన్ ఆక్సిడేజ్ వల్ల అనుకుంటున్నాను సార్, అమైనోగ్వానిడిన్ వేస్తే బతికాయి, చూడండి" అనండి. ఆయన కూడా ఈ ఎంజైమ్ పేరు ఎప్పుడో చదివి మరిచిపోయి ఉండవచ్చు. చేతిలో ఫోటో ఉంటే మాట పెరగదు. పాత ప్లేట్ల ఫలితాలు థీసిస్‌లోంచి తీసేయకండి. అవి ఎందుకలా వచ్చాయో రాసి, సరిచేసిన ప్రయోగం పక్కన పెట్టండి. వైవాలో "పాలీఅమైన్లు గ్రోత్ ఫ్యాక్టర్లేనా?" అని అడిగితే కాదని ధైర్యంగా చెప్పండి. గ్రోత్ ఫ్యాక్టర్‌కు కణం పైన గ్రాహకం ఉంటుంది, అది బయటి నుంచి వచ్చే కబురు. పాలీఅమైన్లు ఆ కబురు అందాక కణం లోపల సమకూర్చుకునే సరంజామా.

నాన్నగారి సంగతి. మీ ప్లేటును చూసి భయపడాల్సిన పని లేదు. అక్కడ చంపింది మీడియాలోని ఆవు సీరం, ఆయన ఒంట్లో జరిగేది వేరు. అయినా క్యాప్సూల్స్ వద్దనే నా సలహా, కారణం ఇంకొకటి. పెద్దపేగు పాలిప్స్‌లో చాలావాటికి మూలం ఏపీసీ అనే జన్యువు దెబ్బతినడం. అది పోతే మిక్ పెరుగుతుంది, మిక్ పెరిగితే ఓడీసీ పెరుగుతుంది. పాలిప్స్ తీయించుకున్న 375 మందితో అమెరికాలో జరిగి 2008లో వెలువడిన ఒక ట్రయల్‌లో డీఎఫ్ఎమ్ఓ, సులిండాక్ అనే నొప్పి, వాపు మందు కలిపి మూడేళ్లు ఇచ్చారు. ఉత్త మాత్ర తీసుకున్నవాళ్లలో 41 శాతం మందికి పాలిప్స్ తిరిగి వస్తే, మందు తీసుకున్నవాళ్లలో 12 శాతం మందికే వచ్చాయి. పుట్టుకతోనే ఏపీసీ లోపం ఉండి, వందల పాలిప్స్ వచ్చే కుటుంబాల్లో తర్వాత చేసిన ట్రయల్‌లో మాత్రం రెండూ కలిపి ఇచ్చినా, విడివిడిగా ఇచ్చినదానికంటే ఎక్కువ మేలు గట్టిగా రుజువు కాలేదు. అందుకని నాన్నగారికి డీఎఫ్ఎమ్ఓ ఇప్పించండి అనడం లేదు, దానివల్ల వినికిడి దెబ్బతినే అవకాశమూ ఉంది. నేననేది ఒక్కటే: పాలీఅమైన్లు తగ్గిస్తే మేలేమో అని పరీక్షిస్తున్న చోట డబ్బు పెట్టి వాటిని పెంచుకోవడం ఎందుకు?

వయసు తగ్గుతుందన్న ప్రచారానికి మూలం లేకపోలేదు. స్పెర్మిడిన్ ఇస్తే ఈస్ట్, ఈగలు, పురుగులు ఎక్కువ కాలం బతికాయని 2009లో వచ్చింది. కణం తన లోపలి చెత్తను తానే తినే పని చురుకవుతుందని దానికి వివరణ. మనుషుల్లో అంత దూరం రాలేదు. బెర్లిన్‌లో మతిమరుపు మొదలైందని అనుకునే పెద్దవాళ్లకు ఏడాది పాటు ఇచ్చి చూస్తే జ్ఞాపకశక్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2022లో తేలింది. ఎలాగూ సోయా, పచ్చి బఠాణీ, పుట్టగొడుగులు, గోధుమ మొలక భాగంలో స్పెర్మిడిన్ ఉండనే ఉంది. వాటిని మామూలుగా తినడంలో భయమేమీ లేదు, మాన్పించకండి. అమ్మతో మాత్రం గొడవ పెట్టుకోవద్దు, ఆమె మంచికే తెప్పించింది. పాలిప్స్ తీసిన డాక్టరు తర్వాతి కొలనోస్కోపీ ఎప్పుడని రాశారో పాత ఫైలులో చూడండి. ఆ తేదీ దాటనివ్వకండి, వెళ్లేటప్పుడు ఆ క్యాప్సూల్స్ డబ్బా కూడా తీసుకెళ్లి ఆయనకు చూపించండి.